గడ్డం పాచి

సూళ్లూరుపేటలో మా వీధి చివరింటి ముందుగదిలో ఒక చేపలతొట్టి ఉంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. చేపలకన్నా చెట్లెక్కువ. తొట్టి ఇంటి కుర్రాడిది, దానికి వంకలు పెట్టే హక్కు మాత్రం వాడి మేనమామది. మామ తడ వైపు రొయ్యల గుంటల మీద ఇరవై ఏళ్లు కాపురమున్న మనిషి. అల్లుడు నెలకోసారి లోకల్ రైలెక్కి చెన్నైలో దిగి, కొళత్తూరు చేపల అంగళ్లు తిరిగి, తడి సంచులతో ఇంటికొచ్చే రకం. ఏప్రిల్ నెలాఖరున ఒక సాయంత్రం నేను అక్కడికి కాఫీకని పోయి జగడంలో చిక్కుకున్నాను.

జగడానికి కారణం ఒక అనూబియాస్ ఆకు. ముదురాకుపచ్చ, తోలులాంటి ఆకు. దాని అంచు వెంబడి నాలుగు రోజులు గీసుకోని గడ్డంలా నల్లటి పోగులు లేచి ఉన్నాయి, ఒక్కోటి గోరు ఎత్తు కూడా లేదు. ఫిల్టరు నీళ్లు తగిలినప్పుడల్లా అన్నీ ఒకేసారి ఒక పక్కకి వాలి లేస్తున్నాయి. అల్లుడు చెయ్యి ముంచి రెండు వేళ్లతో లాగాడు. రాలేదు. గట్టిగా లాగితే ఆకు చిరిగింది. చిరిగిన ముక్క మీద గడ్డం అట్నే ఉంది.

మామ: ఇంకా లాగు. ఆకులన్నీ పీకేస్తే పాచికి పట్టుకోను చోటే ఉండదు గదా.

అల్లుడు: ఎగతాళి తర్వాత, మామా. దీన్ని బ్లాక్ బియర్డ్ అంటారు. కొళత్తూరులో కొన్న మొక్కతోనే వచ్చినట్టుంది. ఇప్పుడు కొయ్య మీదికి, ఫిల్టరు మూతి మీదికి పాకింది. దీని తిండి ఆపేస్తున్నా. ఫిల్టరులో ఫాస్ఫేటు పీల్చే గుళికలు వేసి మూడు వారాలైంది.

మామ: తిండి ఆపితే పాచి చస్తాదా?

అల్లుడు: చస్తుంది. 1990లలో పాల్ సియర్స్, కెవిన్ కాన్లిన్ అని ఇద్దరు చెట్ల తొట్ల మీద పరిశీలన చేసి రాశారు. చెట్లకు నైట్రేటు, పొటాషు, ఇనుము లాంటివన్నీ ఇవ్వాలి, ఫాస్ఫేటు ఒక్కటీ బిగబట్టాలి అని. అప్పుడు చెట్లు ఉన్న కాస్తా లాగేసుకుంటాయి, పాచికి మిగలదు. అది ఇద్దరి మాటే కాదు. కెనడాలో 226 నంబరు సరస్సు అని ఒకటుంది. 1973లో దాన్ని నడుమ తెర కట్టి రెండు చేశారు. ఒక పక్క కర్బనం, నత్రజని పోశారు. రెండో పక్క ఆ రెంటితో పాటు ఫాస్ఫరస్ కూడా పోశారు. ఫాస్ఫరస్ పడిన సగం పచ్చగా తిరిగింది, రెండో సగం తేటగానే ఉంది. విమానంలోంచి తీసిన ఫొటో ఉంది, చూపిస్తా ఉండు.

మామ: చూడకుండానే నమ్ముతా. గుంటలో సూపర్ ఫాస్ఫేటు చల్లి నీళ్లను పచ్చ చేసినోణ్ణి, నాకా చెప్తావు? అది సరే, ఆ సరస్సులో నీ తొట్టిలో మాదిరి అంచు నుంచి అంచుకు చెట్లుండాయా?

అల్లుడు: అంత లోతు సరస్సులో ఎట్లా ఉంటాయి?

మామ: చెట్లు లేని చోట జరిగింది తెచ్చి చెట్లున్న చోట పెడితే ఎట్టా? నీ అద్దం చూడు. ఆ పచ్చ చుక్కలు ఎప్పుడొచ్చినాయి?

అద్దం మీద సూది మొనతో పొడిచినట్టు గట్టి పచ్చ చుక్కలున్నాయి. అల్లుడు బ్లేడుతో గీకితేగాని ఊడవు. ఎప్పుడొచ్చాయో చెప్పడానికి వాడు కాస్త తటపటాయించాడు. రెండు వారాల కిందట, అన్నాడు. అంటే గుళికలు వేసిన వారానికి. ఫాస్ఫేటు అడుగంటిన తొట్టిలోనే ఈ చుక్కలు ఎక్కువ పడతాయని చెట్ల తొట్లు పెంచేవాళ్లలో చాలామందికి అనుభవం. మామకు ఆ సంగతి తెలిసి అడిగాడో, తేదీలు జతచేసి చూశాడో నేను కనిపెట్టలేకపోయాను. గుంటలు చూసినవాళ్లకు నీటి రంగుకు తేదీ కట్టడం ఒక అలవాటు.

మామ: చెట్లను మాడ్చి పాచిని చంపాలనుకోవడం ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టడమే. పాచికి కావలసింది గోరంత, చెట్టుకు కావలసింది గుప్పెడు. రెంటికీ పస్తు పెడితే ముందు పడేది ఎవరు?

అల్లుడు: అయితే పెట్టమంటావా? మందులు కుమ్మరించమంటావా?

మామ: నేలపట్టు చెరువు తెలుసు గదా.

ఈ తిరుగుడు ఇక్కడి వాళ్లకు అలవాటే. ఏ మాట మొదలెట్టినా నేలపట్టులోనో పులికాట్‌లోనో తేలతారు. దొరవారిసత్రం పక్కనున్న ఆ చెరువులో కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. 1976లో దాన్ని పక్షుల కేంద్రం చేశారు. రెట్టలన్నీ రాలి పడేది చెరువులోకే. ఆ నీళ్లు పారిన చేనుకు ఎరువు ఖర్చు తగ్గుతుందని చుట్టుపక్కల రైతులు పిట్టల జోలికి ఎవర్నీ పోనివ్వరు. చట్టానికన్నా ముందు నుంచీ ఆ పిట్టలకు కాపలా ఆ రెట్టే.

మామ: అన్ని వేల పిట్టల రెట్ట పడినా ఆ నీళ్లు వరికి అన్నమైనాయి. తినేవాడుంటే ఎరువు ఎరువే, తినేవాడు లేకుంటేనే పాచి.

అల్లుడు: బాగుంది. మరి నేలపట్టు నీళ్లు ఇట్లా అద్దంలా ఉన్నాయా? ఎప్పుడైనా దోసిట పట్టి చూశావా?

మామ నవ్వాడు. దెబ్బ తగిలినప్పుడు నవ్వడం ఆయన పద్ధతి.

మామ: లేవులే. అద్దంలా ఉంటే పిట్టలకు చేపలేవి? మా గుంటల్లో తేట నీళ్లు కనపడితే గుండె జారిపోయేది. నలుపూ తెలుపూ పూసిన పళ్లెం తాడుకు కట్టి దించేవాళ్లం. ముప్పై, నలభై సెంటీమీటర్ల లోతుకు మాయమైతే నీళ్లు బాగున్నట్టు. అడుగు దాకా కనపడితే పాచి చాలలేదని యూరియా, సూపర్ చల్లేది. పది సెంటీమీటర్లకే మాయమైతే ఆ రాత్రి నిద్ర ఉండదు.

అల్లుడు: ఎందుకు?

మామ: పగలు గాలిచ్చేది అదే, రాత్రి గాలి మింగేదీ అదే. తెల్లవారుజామున నాలుగ్గంటలకు రొయ్య పైకి తేలి మీసాలు బయట పెడతాది. ఏరియేటర్లు తిప్పాలి, కరెంటుండదు, జనరేటర్ ముక్కుతా ఉంటాది. అంతకన్నా చెడ్డది ఇంకోటుండాది. మబ్బు పట్టిన రెండు రోజులకు పాచంతా ఒక్కసారి చచ్చి కిందికి దిగతాది. నీళ్లు తేటబడినాయని కొత్తోడు సంతోషపడతాడు. అడుగున అది కుళ్లి, ఉన్న గాలి లాగేసి, అమోనియా వదుల్తాది. రొయ్య పాచి వల్ల చచ్చింది తక్కువ, పాచి చచ్చినందువల్ల చచ్చిందే ఎక్కువ. అందుకే చెప్తా ఉండా, ఏ మందైనా పొయ్యి, తొట్టంతా ఒక్కరోజులో చంపేది మాత్రం పొయ్యబాక.

ఈ మాట మీద అల్లుడు కాసేపు మాట్లాడలేదు. లేచి వంటింట్లోకి పోయి ఒక ప్లాస్టిక్ డబ్బా పట్టుకొచ్చాడు. అందులో హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసా, ఎరిత్రోమైసిన్ మాత్రలు, ఆస్పత్రుల్లో పనిముట్లు కడిగే గ్లుటరాల్డిహైడ్ ఉన్నాయి. మందుల షాపులో పిల్లాడు దేనికని కూడా అడగలేదట.

మామ: మాత్రలు తీసి పారెయ్యి.

అల్లుడు: అవి గడ్డానికి కాదు. ఇసక మీద నీలం పచ్చ పాకుడు వస్తుంది చూడు, పొరలు పొరలుగా, దానికి. అది నిజానికి పాచి కాదు, బ్యాక్టీరియా. అందుకే యాంటీబయోటిక్ పనిచేస్తుంది.

మామ: పనిచేస్తాదిరా, ఎవరు కాదన్నారు? మా రొయ్యలకు కూడా చేసింది. ఆ తర్వాత ఆనవాళ్లు దొరికినాయని యూరప్ కంటైనర్లు వెనక్కి కొట్టింది. ఆ మందు నీ తొట్టిలో ఆగదు, మోరీలోకి పోతాది, ఆ నుంచి కాళంగి ఏటికి. పాకుడంటే నాకు వాసన తెలుసు. చెరువు చేప కూరలో మట్టి వాసన వస్తే మీ అమ్మ తిట్టేది ఎవర్ని? చేపలోణ్ణి. వాసన చేపది కాదు, ఈ జాతి పాకుడిదే. నీ ఇసకలో గాలాడని మూల ఉండుంటాది. ఆ పొరను గొట్టంతో పీల్చి పారబోయి, ఫిల్టరు మూతి అటు తిప్పు. మూడు రోజులు నల్లగుడ్డ కప్పి దీపం ఆపు. తీసినాక సగం నీళ్లు మార్చు. చెట్లు మూడు రోజుల చీకటికి చావవు.

అల్లుడు: మరి ఈ గడ్డానికి ఎవర్ని తెచ్చి వదలమంటావు? నెరైట్ నత్తలు ఉన్నాయి...

మామ: ఆ ఉప్పునీటి నత్తలా? మంచినీళ్లలో వాటి గుడ్లు పిల్లలు కావు, ఊరికే కొయ్య నిండా తెల్ల చుక్కలు పెడతాయి. గడ్డం జోలికి పోవు.

ఇక్కడ అల్లుడు మామకన్నా ఎక్కువే చెప్పాడు. గడ్డాన్ని నిజంగా మేసేది సయామీ పాచిచేప. అంగట్లో ఆ పేరుతో అమ్మేవన్నీ అది కావు. అసలు దానికి ఒంటి మీది నల్లగీత తోక చివరి చీలిక దాకా పోతుంది. గీత తోక మొదట్లోనే ఆగితే అది వేరే చేప. చైనా పాచిచేప అని ఇంకొకటుంది. అది చిన్నప్పుడు పాచి తిని, పెద్దయ్యాక సాటి చేపల ఒంటి జిగురు పీల్చడం మరుగుతుంది. అసలుదే దొరికినా అరడుగు పెరుగుతుంది, రెండడుగుల తొట్టిలో దాన్ని పెట్టడం పాపం. జపాన్‌లో తకాషి అమానో చెట్ల తొట్లలో పాచి మేయడానికి ఒక రకం రొయ్యను వాడి దానికి లోకమంతా పేరు తెచ్చాడు. కానీ అది లేతపోగుల్నే గిల్లుతుంది, ముదిరిన నల్లగడ్డాన్ని కాదు.

మామ: రొయ్యను తొట్టికి పనిమనిషిని చేసినాడా? మా గుంటలో పాచి రొయ్యకు చాకిరీ చేసేది.

అల్లుడు: నువ్వేమో మేపమంటావు. సరే మేపుతా. అమెరికాలో టామ్ బార్ అనేవాడు కూడా నీ మాటే అన్నాడు. సియర్స్, కాన్లిన్ చెప్పినదానికి ఎదురు తిరిగి, కావాలని ఫాస్ఫేటు లీటరుకు ఒకటి రెండు మిల్లీగ్రాములు వచ్చేట్టు పోసి, వారం వారం సగం నీళ్లు మార్చి చూపించాడు. చెట్లు బాగా పెరుగుతున్న తొట్టిలో పాచి రాలేదు. నేను చదివాను. కానీ ఒక్కటి చెప్పు. ఇప్పుడున్న ఈ గడ్డం మేపితే చస్తుందా? చెట్టు బలంగా ఉంటే కొత్తది రాకపోవచ్చు. ఉన్నది ఎట్లా పోతుంది?

మామ దగ్గర దీనికి జవాబు లేదు. ఉంటే ఆయన అంతసేపు కాఫీ చల్లార్చుకోడు. నా లెక్కన ఆ సాయంత్రం అల్లుడు అడిగిన వాటిలో ఇదే అసలు ప్రశ్న. పాచి ఎందుకు వచ్చింది, వచ్చిన పాచిని ఎట్లా తియ్యాలి అనేవి రెండు వేరు సంగతులు. ఒకదానికి జవాబు చెప్పి రెండోది చెప్పేశామనుకుంటారు ఇద్దరూ.

మామ: దాన్ని చంపుకో, నీ ఇష్టం. వచ్చింది ఎందుకో చెప్పు ముందు. ఆ పంచదార సీసా ఎన్నాళ్లకు మారుస్తా ఉండావు?

తొట్టి వెనక రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా ఉంది. అందులో పంచదార, ఈస్టు, నీళ్లు. పులిసిన గ్యాసు సన్నగొట్టంలో తొట్టిలోకి పోతుంది, చెట్లకు కార్బన్ డయాక్సైడ్ అదే. గొట్టం చివర బుడగ వస్తుందేమోనని నేను చూస్తూ కూర్చున్నాను. ఒకటి వచ్చింది. రెండోది వచ్చేసరికి అల్లుడి జవాబు అయిపోయింది.

అల్లుడు: మూడు వారాలకు.

మామ: ఈ ఎండల్లో మూడు రోజులకే పొంగి వారానికి చల్లారిపోతాది. ఒకరోజు పెళ్లిభోజనం, పదిరోజులు పస్తు. చెట్టు ఎట్టా సర్దుకుంటాది? పైగా నీళ్లెంత వేడి?

థర్మామీటరు 32 చూపిస్తోంది. నీళ్లు వేడెక్కేకొద్దీ గ్యాసు నిలిచేది తగ్గుతుంది, చెట్టు ఆకలి మాత్రం పెరుగుతుంది. గ్యాసు ఇట్లా ఎక్కుతూ దిగుతూ ఉండే తొట్టిలోనే నల్లగడ్డం ఎక్కువగా పట్టుకుంటుంది. అనూబియాస్ నెలకొక ఆకు వేసే నిదానపు మొక్క. ఆకు ముసలిదై కదలకుండా దీపం కింద నిలబడితే పాచికి అంతకన్నా మంచి అరుగు దొరకదు.

మామ: దీపం ఎన్ని గంటలు?

అల్లుడు: ఎనిమిది.

"పదకొండు," అంది లోపల్నుంచి వాళ్లమ్మ. "పొద్దున వాడేస్తాడు, సాయంత్రం నేనేస్తా. సీరియల్ చూసేటప్పుడు గదికి అందంగా ఉంటుంది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పటిదాకా ఫాస్ఫేటని ఒకరు, పస్తని ఒకరు తెగ కొట్టుకున్నారు గాని, రోజుకు మూడు గంటల దొంగవెలుగు ఉందని ఇద్దరికీ తెలియదు. దీపమే తొట్టికి గ్యాస్ పొయ్యి. మంట పెంచితే అన్నీ ఎక్కువ కావాలి: ఎరువూ, గ్యాసూ. ఆ రెండూ అందకపోతే చెట్టు ఆగిపోతుంది, మిగిలిన వెలుగు పాచి తాగుతుంది.

డచ్చి శాస్త్రవేత్త మార్టెన్ షెఫర్ తోటివాళ్లతో కలిసి 1993లో లోతులేని సరస్సుల గురించి ఒక సంగతి తేల్చాడు. అదే నీళ్లు, అంతే ఎరువు ఉన్నా సరస్సు రెండు రకాలుగా నిలబడగలదు. చెట్లు ఆక్రమించుకుంటే తేటగా, పాచి ఆక్రమించుకుంటే మురికి పచ్చగా. ఏది ముందు కుదురుకుంటే అది రెండోదాన్ని రానివ్వదు. ఈ సంగతి చెప్పి ఇద్దర్నీ కలపబోయాను. మామ "అదే నేను చెప్పేది" అన్నాడు. అల్లుడూ అదే అన్నాడు. నేను కాఫీ తాగాను.

ఒప్పందం కుదరలేదు గాని పనులు మొదలయ్యాయి. దీపానికి టైమరు పెట్టారు: సాయంత్రం 4 నుంచి రాత్రి 10 దాకా, ఆరే గంటలు, సీరియళ్లతో సహా. పంచదార సీసాలు రెండు చేసి, ఒకటి విడిచి ఒకటి అయిదు రోజులకోసారి మార్చారు. మామ ఎరువుల కొట్టుకు పోయి డ్రిప్పు తోటలకు వాడే 13-0-45 పొట్లం ఒకటి, 0-52-34 పొట్లం ఒకటి తెచ్చాడు. ఒకటి పొటాషియం నైట్రేటు, రెండోది పొటాషియం ఫాస్ఫేటు. మామిడితోటకు బస్తాల్లో తూచే సరుకును కొట్టువాడు గ్రాముల్లో కట్టలేనంటే కిలో పొట్లాలే కొన్నాడట. ఈ తొట్టికి అవి తరాలకు సరిపోతాయి. తొట్టిలో నిజంగా పట్టేది 50 లీటర్లు. లీటరుకు 10 మిల్లీగ్రాముల నైట్రేటు రావాలంటే మొదటిది వారానికి 0.8 గ్రాములు. ఫాస్ఫేటు 1 మిల్లీగ్రాము రావాలంటే రెండోది 70 మిల్లీగ్రాములు, అంటే వేళ్లకందని చిటికె. దాన్ని తూచే తక్కెడ ఇంట్లో ఎక్కడిది? అల్లుడు 7 గ్రాములు అరలీటరు నీళ్లలో కరిగించి 5 మిల్లీలీటర్లు పోశాడు. సరిగ్గా 70. మామకు ఆ లెక్క నచ్చింది, నచ్చిందని చెప్పలేదు. యూరియా మాత్రం తొట్టి ఛాయలకు రానివ్వలేదు. అది అమోనియా అవుతుందని గుంటల్లో చూసినవాడు.

చెరువులోంచి ఒక కట్ట నాచు, తొందరగా పెరిగే హైడ్రిల్లా, తెచ్చి పటిక నీళ్లలో ముంచి కడిగి తొట్టి వెనక నాటారు. వారం వారం తీసిన సగం నీళ్లు పెరట్లో కరివేపాకుకు పోతున్నాయి.

గడ్డం విషయంలో అల్లుడి మాటే నెగ్గింది. ఇక్కడ మందుల షాపుల్లో దొరికే పెరాక్సైడ్ 6 శాతంది. పుస్తకాల్లో కొలతలు 3 శాతానికి. ఈ తేడా చూసుకోక చేపల్ని పోగొట్టుకునేవాళ్లుంటారు. సమానంగా నీళ్లు కలిపి పలచన చేశాడు. నాలుగు లీటర్లకు ఒక మిల్లీలీటరు మించకూడదు కాబట్టి మొత్తం 12. ఫిల్టరు ఆపి, నీళ్లు కదలకుండా నిలిచాక, సిరంజితో ఒక్కో కుచ్చు మీద నెమ్మదిగా వదిలాడు. పోగుల మధ్య సన్నని బుడగలు లేచాయి, నల్లటి కుచ్చు వెండిపూత పూసినట్టయింది. పది నిమిషాలాగి ఫిల్టరు వేశాడు. ఒక రోజుకు మూడు ఆకులే. మిగతావి మర్నాడు, ఆ మర్నాడు. మామ గుంటల కథ ఊరికే పోలేదు.

మూడో రోజు పిలిచి చూపించారు. గడ్డం గులాబీ రంగుకు తిరిగింది.

మామ: పులికాట్ కొంగ రంగు వచ్చిందే!

అల్లుడు: కొంగ కాదు, ఫ్లెమింగో. అయినా ఆ రంగు వేరు, ఈ రంగు వేరు. ఫ్లెమింగో తిన్న పాచిలో, పురుగుల్లో ఉండే కెరోటిన్ జాతి రంగు ఈకల్లోకి ఎక్కుతుంది. ఇది పుట్టుకతోనే ఎర్ర పాచి. సముద్రంలో ఎర్ర పాచులున్నాయి చూడు, వాటికి చుట్టం. నల్లగా కనపడేది పైపైనే. చచ్చేటప్పుడు మిగతా రంగులు ముందు పోయి ఎరుపు బయటపడుతుంది.

మామ: చచ్చేటప్పుడు నిజం చెప్తాదన్నమాట.

మోలీ చేపలు గులాబీ కుచ్చుల్ని పొడిచి తినడం మొదలెట్టాయి. నల్లగా ఉన్నన్నాళ్లు వాసన చూడనివే.

నెల తర్వాత మళ్లీ వెళ్లాను. అద్దం మీద చుక్కలు పలచబడ్డాయి. నాచు నీటి పైదాకా పెరిగి అడ్డంగా వాలింది, అల్లుడు వారానికి గుప్పెడు తుంచి పారేస్తున్నాడు. అనూబియాస్‌కు కొత్త ఆకు ఒకటి, అంచు శుభ్రంగా. ఫిల్టరు మూతి మీద మాత్రం ఒక నల్ల కుచ్చు మిగిలింది. అల్లుడు సిరంజి పట్టుకుని ఉన్నాడు.

మామ: దాన్నొదిలెయ్. ఆకు మీద లేదు గదా.

అల్లుడు: వదిలితే మళ్లీ ఆకు మీదికొస్తుంది.

మామ: చెట్టు బాగుంటే రాదు.

అల్లుడు: ఆదివారం కొళత్తూరు పోతున్నా. ఫాస్ఫేటు కొలిచే కిట్టు తెస్తా. ఎంతుందో కొలిచి మాట్లాడదాం.

మామ: తే. తెచ్చి ఆ 0-52-34 పొట్లం పక్కనే పెట్టు.